సక్కనోళ్ళు తవ్విన మంచు మట్టి

ప్రాణహిత ఒడ్డున తుమ్మలగూడెం అనే ఊళ్ళో ఓదెలు వాళ్ళ ఇంటిని అందరూ 'సక్కనోళ్ళ ఇల్లు' అనేవాళ్ళు. ఆ పేరు ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే తెలుసు. ఓదెలు మాత్రం దాన్ని రుమాలులా నెత్తికి చుట్టుకుని తిరిగేవాడు.

"లోకంల అందరు ఒకటి ఇని ఇంకోటి చేస్తరు. మా ఇంట్ల అట్ల గాదు. అన్నది అన్నట్టే చేస్తం. గదీ తెలివంటే!" అనేవాడు.

నిజమే. ఒకసారి సర్పంచి పట్నం పోతూ, "ఓదెలూ, మా ఇంటి మీద ఓ కన్నేసి ఉంచు" అన్నాడు. అంతే. ఓదెలు ఆ ఇంటి ముందు కూర్చుని, వెయ్యమన్నది ఒక కన్నే కాబట్టి రెండోది అరచేత్తో మూసుకుని, పొద్దుగూకేదాకా చూస్తూనే ఉన్నాడు. మేకలు వచ్చి వాకిట్లో ఆరబోసిన జొన్నలన్నీ తిని పోయాయి. సర్పంచి వచ్చి లబోదిబోమంటే, "నేను సూసిన పటేలా. మొత్తం సూసిన. మస్తు తిన్నయ్" అన్నాడు ఓదెలు.

ఆ ఇంట్లో ఓదెలు, అతని తల్లి రాజవ్వ, పెళ్ళాం భీమక్క, తమ్ముడు పోశం ఉండేవాళ్ళు. తలకాయలు నాలుగు, తెలివి ఒకటే. అందులో ఎవరికి ఎక్కువుందో ఇప్పటికీ తేలలేదు.

ఆ ఏడు ఎండాకాలం నడిమిలో హైదరాబాదు నుంచి ప్రసూన మేడం అని ఒక సర్కారు ఉద్యోగి జీపులో ఊళ్ళోకి వచ్చింది. నేలలో ఏ ఖనిజం ఎక్కడుందో వెతికే ఆఫీసులో పని ఆమెది. చాయ్ హోటలు దగ్గర జీపు ఆపి, "మట్టి తవ్వడానికి మనుషులు కావాలండీ. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. సొంత తెలివి అస్సలు వాడకూడదు" అంది.

హోటల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారే లేచి ఒకే ఇంటివైపు చెయ్యి చూపించారు.

మేడం వాళ్ళ అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, ఓపిగ్గా సంగతి చెప్పింది. "కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడంతా మంచు ఉండేది. కొండంత మంచు. అది నదిలాగా మెల్లమెల్లగా జారుతూ, దారిలో ఉన్న గుట్టల్ని గీరి, ఆ రాళ్ళనీ మట్టినీ ఈడ్చుకొచ్చి ఇక్కడ పడేసింది. ఇప్పుడు మనం కోసు దూరానికొక చోట ఆ మట్టి తీసి పరీక్షకు పంపిస్తాం. అందులో ఉన్నదాన్నిబట్టి, ఆ గుట్టల్లో రాగి ఉందో బంగారం ఉందో తెలుస్తుంది."

రాజవ్వ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గంత దూరం ఈడ్సుకొచ్చి పడేసిందా బిడ్డా? దానికి కడుపు కాలలేదా?"

"రేపు పొద్దున్నే మంచు మట్టి దగ్గరికి పోదాం. తయారుగా ఉండండి" అని మేడం లేచింది.

ఓదెలు చెవిలో మంచు ఒక్కటే మిగిలింది. తెల్లారేసరికి నలుగురూ గొంగళ్ళు కప్పుకుని, చెవులకు గుడ్డలు కట్టుకుని, చంకలో కుంపటి పెట్టుకుని నిలబడ్డారు. నడి వైశాఖం. రోళ్ళు పగిలే ఎండ. వాగు ఒడ్డుకు చేరేసరికి ఓదెలు ఒంటి మీద చెమట కాలవలు కట్టింది. అయినా గొంగడి తియ్యలేదు. తెలివిగలవాడు ముందుజాగ్రత్త వదలడు కదా.

"మేడం, మంచేది?" అన్నాడు రొప్పుతూ.

"అయ్యో, అది ఎప్పుడో కరిగిపోయింది ఓదెలూ."

"ఎప్పుడు?"

"ముప్పై కోట్ల ఏళ్ళు దాటింది."

పోశం గొంగడి విసిరికొట్టాడు. "నే జెప్పలేదానే అన్నా! నిన్ననే పోదామంటే ఇన్నవా?"

ఓదెలుకు మొదటిసారి తల కాస్త వంగింది. తమ్ముడి మాట వినాల్సింది.

అక్కడ నేలలో పెద్ద బండ ఒకటి ఉంది. దాని మీద వరసగా గీతలున్నాయి. మేడం వాటి మీద చెయ్యి ఆనించి చటుక్కున తీసేసింది. "ఇవి మంచు కింద చిక్కుకున్న రాళ్ళు గీసిన గీతలు. మంచు ఎటు నుంచి ఎటు పోయిందో ఇవే చెప్తాయి" అంది.

పోశం వెంటనే బోర్లా పడుకుని బండకు చెవి ఆనించాడు. ఒక్క అరుపు అరిచి లేచాడు.

"ఏమన్నదిరా?" అన్నాడు ఓదెలు ఆత్రంగా.

"చుర్రుమన్నదన్నా!"

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వితే వీళ్ళకూ సంతోషమైంది. మంచి మాటే అన్నాం కాబోలు అనుకున్నారు.

తరవాత ఆమె పని నేర్పింది. పై మట్టి తీసేసి మోచేతి లోతున తవ్వాలి. కింది మట్టిని ప్లాస్టిక్ గరిటెతో సంచిలోకి ఎత్తాలి. "మట్టి ఎత్తేటప్పుడు ఇనుము దగ్గరికి రాకూడదు. ఉంగరాలు, కడియాలు ఏవీ వద్దు. కొంచెం తగిలినా పరీక్ష తప్పుతుంది" అంది. "సంచి మీద ఎక్కడ తీశారో తప్పకుండా రాయండి" అని మరీ మరీ చెప్పింది. ఆమె అవతలి మండలంలో పని చూసుకుని రావాలి. నమ్మకంగా జీపెక్కి వెళ్ళిపోయింది.

ఇనుము దగ్గరికి రావద్దంది. మరి ఎడ్లబండి ఉందే? దాని చక్రాలకు ఇనుప పట్టాలున్నాయి. పట్టాలు ఊడగొట్టారు. ఇరుసు ఇనుముదే, అదీ పీకారు. బండి బొక్కబోర్లా పడింది. ఎడ్ల కాళ్ళకు నాడాలున్నాయని భీమక్క గుర్తుచేసింది. అవీ పీకించారు. ఇంకేముంది! లాగడానికి బండి లేదు, నాడాలు లేని ఎడ్లు రాళ్ళల్లో బరువు మొయ్యలేవు. మట్టి సంచులన్నీ అన్నదమ్ములే నెత్తిన పెట్టుకున్నారు. వెనకాల ఎడ్లు నెమరేసుకుంటూ తీరిగ్గా నడిచొచ్చాయి.

దారిలో ఎవరో, "ఏందే ఓదెలూ, ఎడ్లు మిమ్మల్ని తోల్తున్నయా?" అని అడిగారు.

"తోల్తలేవు. తోడొస్తున్నయ్" అన్నాడు ఓదెలు మెడ నిక్కించి. నిక్కించాడు గానీ, నెత్తి మీద బరువుకు అది మళ్ళీ భుజాల్లోకి దిగిపోయింది.

ఇంట్లో చదువుకున్నవాడు పోశం ఒక్కడే. సంచుల మీద రాసే పని వాడిది. ఎక్కడ తీశారో రాయమంది కదా. ప్రతి గుంట దగ్గరా నిలబడి, కాళ్ళ కింద నేల చూసుకుని, గుండ్రటి అక్షరాల్తో 'ఇక్కడ' అని రాశాడు. అన్ని సంచుల మీదా 'ఇక్కడ'.

ఇంటికొచ్చి సంచులు దించాక ఓదెలుకు అనుమానం వచ్చింది. "తమ్మీ, ఇదేం రాత? మట్టి తీసింది ఇక్కడనా?"

పోశం నాలుక కరుచుకున్నాడు. "కాదే అన్నా. తప్పయింది." ఇద్దరూ దీపం ముందు కూర్చుని ప్రతి సంచి మీదా 'ఇక్కడ' కొట్టేసి 'అక్కడ' అని దిద్దారు. తప్పు దొరకబట్టినందుకు ఓదెలుకు ఆ పూట అన్నం ఎక్కువే పోయింది.

మేడం తిరిగొచ్చి సంచులు చూసింది. ఒకటి చూసింది. రెండు చూసింది. తరవాత అరుగు మీద కూలబడింది.

"ఓదెలూ, అక్కడ అంటే ఎక్కడ?"

"ఇక్కడ గాదు మేడం" అన్నాడు ఓదెలు. అంతకంటే వివరంగా ఎట్లా చెప్పాలో వాడికి తెలియలేదు.

ఆ మట్టంతా పారబోసి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మేడం వాళ్ళ వెంటే తిరిగింది. సంచుల మీద అంకెలు తనే వేసింది. ఇంటి వెనక కొట్టం దగ్గర తీసిన మట్టి మొదటి సంచి. అక్కడినుంచి వాగు దాకా, వాగు దాటి అడవి అంచు దాకా సంచులు నిండాయి. వాగులో ఆమెకు పిడికిలంత రాయి ఒకటి దొరికింది. అక్కడక్కడా పచ్చగా మెరుస్తోంది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఈ రాయి ఇక్కడిది కాదు. మంచు దీన్ని ఎక్కడినుంచో తెచ్చింది. దీని తల్లి రాయి ఎక్కడుందో దొరికితే మన పంట పండినట్టే! జాగ్రత్తగా చూడండమ్మా" అని రాయిని రాజవ్వ చేతిలో పెట్టింది. ఎండదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతుంటే మేడం వెళ్ళి పడుకుంది.

అంతే. రాజవ్వ రాయిని గుండెకు హత్తుకుంది. "తల్లిలేని పిల్ల!" అంది. ఆముదం రాసి, సున్నిపిండి నలిచి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసింది. భీమక్క దిష్టిచుక్క పెట్టి, చీరతో ఊయల కట్టి జోల పాడింది. మర్నాడు అన్నదమ్ములు దాన్ని ఎత్తుకుని తల్లిని వెతకడానికి గుట్టలెక్కారు. కనబడిన బండనల్లా, "అవ్వా, ఈ పిల్ల నీదేనా?" అని అడిగారు. ఏ బండా పలకలేదు. చివరికి ఒక నల్లటి బండ దగ్గర పోశం ఉపాయం మార్చాడు. "నీది గాదా?" అని అడిగాడు. అదీ పలకలేదు.

"కాదంటలేదే అన్నా!"

ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి. రాయిని ఆ బండ పక్కన, వేల రాళ్ళ మధ్యలో, భద్రంగా పడుకోబెట్టి వచ్చేశారు. జ్వరం తగ్గి లేచిన మేడం, "నా రాయేదీ?" అంటే, "తల్లి దగ్గర హాయిగున్నది" అన్నాడు ఓదెలు. ఆమె పరుగున గుట్టెక్కింది. ఆ రాళ్ళల్లో ఏ రాయని వెతుకుతుంది? అన్నదమ్ములకు ఆ నల్లబండ ఏదో కూడా గుర్తులేదు. వాళ్ళకు అన్నీ నల్లగానే కనబడ్డాయి.

మేడం కిందికొచ్చి సంచుల మీద అంకెలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. ఆమె తిట్టి ఉంటే ఓదెలుకు బాగుండేది. తిట్టకపోయేసరికి ఏదో లోపల కలుక్కుమంది.

"ఇక ఈ సంచుల మీదే ఆశ. ఒక్కదాంట్లోనైనా కాస్త బంగారం పడితే చాలు. లేకపోతే ఆఫీసులో చూపించడానికి నాకు మొహం లేదమ్మా" అంది రాజవ్వతో.

"ఉన్నది గద బిడ్డా. మంచి సక్కని మొహం" అని రాజవ్వ ఆమె బుగ్గ నిమిరింది.

మొహం సంగతి సరే, బంగారం సంగతి రాజవ్వ మనసులో ఉండిపోయింది. పిల్ల ఎండలో పడి ఇంత కష్టపడింది. సంచిలో కాస్త బంగారం పడితే చాలంటోంది. అదెంత పని? పొద్దున్నే మెడలో వేసుకున్న దండ, గుండ్ల పేరు విప్పి, అందులోంచి ఒక బంగారు గుండు తీసి, అన్నిటికంటే ముందున్న సంచిలో పడేసింది. పడింది.

సంచులు పట్నం వెళ్ళాయి. కొన్నాళ్ళకు జీపులు వచ్చాయి. ఒకటి కాదు, వరసగా. వాటి వెనక నేలను తొలిచే పెద్ద యంత్రం లారీ మీద వచ్చింది. ముందు జీపులోంచి మేడం గెంతినట్టే దిగింది. "ఓదెలూ! మొదటి సంచిలో బంగారం పడింది! ఎంతనుకున్నారు? ఎవరూ ఎప్పుడూ చూడనంత!"

ఆమె వెనక పెద్ద ఆఫీసరు దిగాడు. చుట్టూ చూసి కొట్టం వైపు వేలు చూపించాడు. "ఇక్కడే తొలవాలి. కొట్టం, ఇల్లు రెండూ ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది" అన్నాడు.

ఆ ఇంటిని వాళ్ళ నాయన తన చేత్తో కట్టాడు. గుంజకు ఆనుకుని ఆనుకుని ఆయన వీపు తగిలిన చోట కర్ర నున్నగా అయింది. ఓదెలు వెళ్ళి ఆ నున్నటి చోట అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. భీమక్క పొయ్యి మీద కుండ దించి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉంది.

అప్పుడు రాజవ్వ చీర కొంగు సర్దుకుంటూ మేడం దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నీ పని అయింది గద. ఇగ నా గుండు నాకియ్యి."

"ఏం గుండమ్మా?"

"నువ్వే అంటివి గద, సంచిల బంగారం పడాలని. పడేసిన. గుండ్ల పేరు ఎల్తిగున్నది, మెడ బోసిపోయింది."

యంత్రం దించుతున్నవాళ్ళు ఆగిపోయారు. మేడం మొహం తెల్లబోయింది. ఆఫీసరు ఒకసారి రాజవ్వ మెడలో పేరును, ఒకసారి మేడంను చూశాడు. మీసం అదిరింది. కోపానికో నవ్వుకో ఎవరికీ తెలియలేదు.

"మీ గుండు పొడైపోయిందమ్మా. పరీక్షలో మట్టితో కలిపి నూరేశారు" అన్నాడు చివరికి.

రాజవ్వ మెడలో పేరు తడుముకుంది. "పోనీయ్ సారూ. గుండు పోతే పోయింది, మా ఇంట్ల తెలివి ఇంకా మస్తుగున్నది. దాన్నెవరూ కొంటలేరు గని" అని తనే ఫక్కున నవ్వింది.

ఆమె నవ్వేసరికి ఆఫీసరు కూడా ఆగలేకపోయాడు. అయితే నవ్వు అయ్యాక గట్టిగానే చెప్పాడు. "ప్రసూనగారూ, తొలకరి పడితే గుంటలన్నీ నీళ్ళే. ఆ లోపల మొత్తం మట్టి కొత్తగా తీసి లారీకి ఎక్కించండి. లేకపోతే ఇక్కడి పని ఇంతటితో ఆపేస్తాం." జీపులు, యంత్రం వెళ్ళిపోయాయి. ఇల్లు మిగిలింది. మేడం పరువు మాత్రం వేలాడుతూ ఉంది.

ఓదెలు ఆమె ముందుకొచ్చి రుమాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "మేడం, మాదే తప్పు. మా తలకాయలకు చెవులైతే ఉన్నయ్ గని లోపల ఎవరూ లేరు. మాటొచ్చి తలుపు కొట్టి కొట్టి పోతది. ఇగ మీరేది చెప్పినా నేను తిరిగి అడుగుత. ఇసుక్కోవద్దు."

అన్నట్టే అడిగాడు. చేతులు కడుక్కోమంటే, "రెండూనా మేడం?" అన్నాడు. కాస్త ఆగమంటే, "నిలబడా, కూసోనా?" అన్నాడు. ఆమె విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. ఇంకేముంది, పని నల్లేరు మీద బండిలా సాగింది. ప్రతి గుంట దగ్గరా అంకె వేసిన కర్ర పాతారు. అదే అంకె సంచి మీదా వేశారు. భీమక్క చేతిగాజులు తీసి మట్టి ఎత్తింది. రాజవ్వను మెడలో పేరుతో సహా దూరంగా కూర్చోబెట్టారు. ఒక్క తప్పు లేదు. సంచులన్నీ నిండి వాకిట్లో గుట్ట పడ్డాయి. ఆకాశం అంచున మబ్బు కూడా నల్లబడుతోంది.

మేడం మొహంలో ఎన్నాళ్ళకో నవ్వు కనిపించింది. "ఓదెలూ, మీ అంత పనివాళ్ళను నేను చూళ్ళేదు. లారీ కోసం పట్నం పోతున్నా, ఎల్లుండి పొద్దున్నే వచ్చేస్తాను. ఈ లోపల వాకిలంతా చిందరవందరగా ఉంది, అన్నీ ఎక్కడివక్కడ పెట్టెయ్యండి" అని జీపెక్కింది.

ఓదెలు అడగాలనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. కానీ ఇందులో అడగడానికేముంది? ఇంత తేలిక మాట ఆమె ఇంతవరకూ చెప్పనేలేదు.

మూడోనాడు పొద్దున్నే, లారీ కంటే ముందే, మేడం జీపులో వచ్చింది. వాకిలి అద్దంలా ఉంది. అలికి ముగ్గేసి ఉంది. ఒక్క సంచి లేదు. ఖాళీ గోనెలు మాత్రం ఉతికి దండెం మీద ఆరేసి ఉన్నాయి. నలుగురూ మోకాళ్ళ దాకా మట్టితో, కళ్ళు గుంటలు పడి, నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"సంచులేవి ఓదెలూ?"

"ఒక్కటి తప్పుపోలేదు మేడం! అంకె సూసుకున్నం, కర్ర సూసుకున్నం. ఏ గుంట మట్టి ఆ గుంటల్నే పోసినం. ఎక్కడిదక్కడ్నే! పైన తొక్కి చదును చేసినం గూడ. ఇగ చూస్తే తవ్విన ఆనవాలు గూడ దొర్కదు."

"మరి కర్రలేవీ?"

"అవి పొయ్యిల కట్టెలే గదా మేడం. పొయ్యి కాడ పెట్టినం" అంది భీమక్క.

టపటపా చినుకులు మొదలయ్యాయి. మేడం అరుగు మీద కూర్చుని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అయిపోయింది ఓదెలూ. నా పని అయిపోయింది."

ఓదెలు మొహం విచ్చుకుంది. ఇన్నాళ్ళ కష్టం ఫలించింది! "అమ్మా! ఇన్నవా? మేడం పని అయిపోయిందట!" అని కేకేశాడు. రాజవ్వ హారతి పళ్ళెంతో పరుగెత్తుకొచ్చింది. భీమక్క మేడం నుదుట ఇంత బొట్టు పెట్టింది. పోశం వానలో లారీకి ఎదురు పరిగెత్తి, రెండు చేతులూ ఊపుతూ, "ఇగ నువ్వు పోవచ్చన్నా, పనంతా అయిపోయింది!" అని దాన్ని అట్నుంచటే మళ్ళించి పంపేశాడు.